ఇంట్లో ఒక కొయ్యగోడ

'గోడ' అనే మాట తెలుగువారి ఇళ్ళలో రెండు సందర్భాల్లో వినబడుతుంది. కొత్త ఇంటికి గోడలు లేస్తున్నాయంటే బంధువులంతా సంతోషిస్తారు. కాపురమున్న ఇంటి నడుమ గోడ లేచిందంటే మాత్రం అన్నదమ్ములు వేరుపడ్డారనీ, పొయ్యిలు రెండయ్యాయనీ ఊరంతా గ్రహిస్తుంది. ఉన్న గదిని రెండు చేసుకోదలచిన గృహస్థుకు ఖర్చు కంటె ముందుగా ఎదురయ్యే చిక్కు ఇదే.

ఇటుకా సిమెంటూ లేకుండా, సన్నని నిలువు కొయ్యలతో చట్రం నిలిపి, దానికి రెండు ప్రక్కలా పలకలు బిగించి కట్టే గోడ ఒకటి ఉన్నది. వాడుకలో అందరూ దానిని పార్టిషన్ అంటారు. రెండు మూడు రోజుల్లో పని ముగుస్తుంది. అవసరం తీరిననాడు మరలు విప్పి తీసివేయవచ్చు. అద్దె ఇంటివారికి ఇంతకంటె అనుకూలమైన గోడ లేదు. ఇంటి యజమాని అనుమతి మాత్రం ముందుగా కాగితం మీద తీసుకోవాలి. ప్రభుత్వ క్వార్టర్లలో ఉండేవారు సంబంధిత ఇంజనీరు అనుమతి లేనిదే ఒక మేకు కూడా దిగగొట్టకపోవడం క్షేమం.

బిలాస్‌పూర్‌లో ఇటువంటి గోడల అవసరం ఏనాటినుండో ఉన్నది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, 1891 నాటికి ఈ ఊరి మీదుగా నాగ్‌పూర్‌ను ఆసన్‌సోల్‌తో కలిపింది. 1931లో రాయపూర్-విజయనగరం మార్గం పూర్తయిన తరువాత శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలవారికి ఈ దారి మరింత దగ్గరైంది. ఖరగ్‌పూర్, చక్రధర్‌పూర్‌లలో వలెనే ఇక్కడ కూడా తెలుగు రైల్వే కుటుంబాలు స్థిరపడ్డాయి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు బిలాస్‌పూర్ ప్రధాన కేంద్రమయ్యాక పట్టణం పెరిగింది, అద్దెలూ పెరిగాయి. పదవీ విరమణ చేసి క్వార్టరు ఖాళీ చేసిన తండ్రి కొడుకు ఇంటికి వస్తాడు. ఊరినుండి మేనల్లుడు ఉద్యోగపరీక్షకు చదువుకోవడానికి వస్తాడు. గదులు మాత్రం ఉన్నవే ఉంటాయి.

మేముండే తెలిపారా నగరం మధ్యనున్న వ్యాపారప్రాంతం. తేలీలంటే గానుగవారు, పారా అంటే పేట. పేరును బట్టి చూస్తే ఒకప్పటి తెలికుల పేట కావచ్చు. దుకాణాలపై మేడలలో కాపురాలుంటాయి. మా వాటా కూడా అటువంటిదే. దానిలో 22 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గల హాలు ఒక్కటే చెప్పుకోదగిన గది. పన్నెండవ తరగతి చదువుతున్న మా అమ్మాయి, రాత్రిళ్ళు దగ్గుతో నిద్రపట్టని మా మామగారు, అనువాదపు కాగితాలతో నేను, ముగ్గురమూ దానిలోనే సర్దుకునేవాళ్ళం. తాతగారి నిద్ర చెడగొట్టకూడదని అమ్మాయి దీపం ఆర్పి చీకట్లో పాఠాలు మననం చేసుకునేది. ఆమె చదువు పాడుచేయకూడదని ఆయన దగ్గు వచ్చినప్పుడల్లా వసారాలోకి వెళ్ళి, చలిలో నిలబడి దగ్గి వచ్చేవారు. జనవరి రాత్రులలో బిలాస్‌పూర్ వసారా డెబ్బైయేళ్ళు దాటిన మనిషి నిలబడదగిన చోటు కాదు.

గోడ సంగతి ఎత్తగానే మామగారు అడిగిన ప్రశ్న ఒక్కటే: "అమ్మాయ్, ఆ గోడకి నేను ఇటుంటానా, అటుంటానా?" మావారు "గోడ కాదు నాన్నా, కొయ్య తెర లాంటిది" అన్నారు. ఆయన మరి మాట్లాడలేదు.

అసలు ఇటుకగోడే ఎందుకు కట్టకూడదు? లెక్క చూస్తే తెలుస్తుంది. నాలుగున్నర అంగుళాల ఇటుకగోడ, రెండు వైపులా పూతతో కలిపి, చదరపు మీటరుకు సుమారు 270 కిలోల బరువుంటుంది. మా హాలుకు అడ్డంగా 11 అడుగుల వెడల్పున, 10 అడుగుల ఎత్తున కట్టి, తలుపు ఖాళీని మినహాయించినా, ఆ గోడ 2,300 కిలోలు తూగుతుంది. అంటే మీటరు పొడవుకు దాదాపు 700 కిలోలు ఒకే గీత మీద పడతాయి. నివాసగృహాల శ్లాబు చదరపు మీటరుకు సుమారు 200 కిలోల వినియోగపు బరువు మోసేటట్లు లెక్కవేయడం పరిపాటి. క్రింద దూలం లేనిచోట మేడమీద ఇటుకగోడ లేపడం క్రిందివారి నెత్తిన బరువు పెట్టడమే. అదే కొలతల కొయ్యగోడ, జిప్సం పలకలతో సహా, 300 కిలోలకు మించదు.

ఇది పరాయి విద్య అనుకోనక్కరలేదు. వెదురు దబ్బలతో దడి అల్లి, మట్టీ పేడా కలిపి మెత్తిన గోడలు మన పల్లెలలోనూ ఉన్నాయి, ఛత్తీస్‌గఢ్ పల్లెలలోనూ ఉన్నాయి. అస్సాంలో 1897 నాటి మహాభూకంపం తరువాత కొయ్యచట్రంలో ఇక్రా రెల్లు నింపి కట్టే ఇళ్ళు వ్యాపించాయి. కాశ్మీరులో కొయ్యచట్రపు గళ్ళలో రాళ్ళూ ఇటుకలూ పేర్చే 'ధజ్జీ దేవారీ' ఇళ్ళు, 2005 అక్టోబరు భూకంపంలో వట్టి రాతి ఇళ్ళ కంటె మెరుగుగా నిలిచాయి. 1830ల ప్రాంతంలో అమెరికాలోని చికాగోలో వచ్చిన మార్పు వేరు. అప్పటివరకు కొయ్య ఇల్లంటే బరువైన దుంగలు, ఒకదాని బెజ్జంలో మరొకదాని కొన దూర్చే నేర్పరి వడ్రంగం. మరరంపాలూ, చవక మేకులూ రావడంతో సన్నని కొయ్యలను దగ్గర దగ్గరగా నిలిపి, మేకులు కొట్టి, ఇద్దరు మనుషులు ఇల్లు నిలబెట్టగలిగారు.

ఆ సన్నని నిలువుకొయ్యను ఇంగ్లీషులో స్టడ్ అంటారు. నిఘంటువు చూసి అనువదించే తొందరపాటువాడికి ఈ మాట దగ్గర చెవిపోగు దొరుకుతుంది, చొక్కా గుండీ దొరుకుతుంది, గుర్రాల సాల కూడా దొరుకుతుంది. దాని పాత అర్థం గుంజ అని మాత్రమే. మన పూరింటి వడ్రంగంలో వెన్నుగాడిని మోసే నిట్టాడు, పందిరిని మోసే గుంజ, అడ్డంగా పడే దూలం, ఏటవాలుగా దిగే వాసం, దేని పేరు దానికి ఉండగా, ఈ మాటకు తెలుగు లేదని పత్రికలవారు అనడం నాకెప్పుడూ వింతగానే ఉంటుంది. నేను గుంజ అనే వ్రాస్తాను.

కొయ్య ఎంపికలోనే ఈ పని మంచిచెడ్డలు సగం తేలిపోతాయి. చెట్టు నడుమ గట్టిపడిన భాగాన్ని మనవారు చేవ అన్నారు. మనిషికి కూడా అదే మాట వాడారు. చేవ చుట్టూ ఉండే తెల్లని భాగం చెదలకూ పుచ్చుకూ సులభంగా లొంగుతుంది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రవృక్షం సాలు. దాని చేవ ఎంత గట్టిదంటే, 9 అడుగుల పొడవు, 10 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల మందం గల సాలు దిమ్మెలను రైలుపట్టాల క్రింద స్లీపర్లుగా ఎండకూ వానకూ వదలివేసేవారు. అటువంటివి కిలోమీటరుకు 1,500 పైగా పడేవి. కాంక్రీటు స్లీపర్లు వచ్చేదాకా ఎన్నో రైళ్ళు వాటి మీద నడిచాయి. ఐతే ఇంటి గుంజలకు సాలు అంతగా నప్పదు. అది నిదానంగా ఆరుతుంది. ఆరీ ఆరని సన్నని సాలు కొయ్య మెలితిరుగుతుంది, చీలుతుంది. ముందుగా బెజ్జం వేయనిదే మేకు దిగదు.

ఈ సంగతి మాకు చెప్పినది మామగారే. ఆయన ముప్పైయేళ్ళకు పైగా పట్టాల నిర్వహణ విభాగంలో పనిచేసినవారు. మిస్త్రీ తెచ్చిన సాలు ముక్కలను ఒక్కొక్కటిగా ఎత్తి, వ్రేలి కణుపుతో కొట్టి విని, "ఇది ఇంకా పచ్చిగానే ఉందయ్యా" అని త్రిప్పి పంపారు. మరునాడు తానే మిస్త్రీని వెంటబెట్టుకొని పాత సామాను అమ్మేచోటికి వెళ్ళారు. కూల్చిన ఇంటి తలుపు చౌకట్ల టేకు బేరం చేసి, 3 అంగుళాలు బై 2 అంగుళాల కొయ్యలుగా కోయించి తెచ్చారు. దశాబ్దాలపాటు గోడలో ఆరిన కొయ్య కనుక ఇక మెలితిరిగేది తక్కువ. కొత్త కొయ్య కొనేవారికి సులభమైన పరీక్ష ఒకటి ఉన్నది. ఒక ముక్కను వారానికొకసారి తూచి చూడాలి. బరువు తగ్గడం ఆగినదాకా కొయ్య ఆరుతూనే ఉన్నట్లు లెక్క. ఆరేటప్పుడు కొయ్య పొడవులో దాదాపుగా కుదించుకుపోదు, వెడల్పులోనే కుదించుకుపోతుంది. అందులోనూ వలయాల వెంబడి కుదింపు, కేంద్రంనుండి బయటికి ఉండే కుదింపుకు ఇంచుమించు రెట్టింపు. పలకలు వంకరపోవడానికి కారణం ఈ తేడాయే.

పాత స్లీపర్లను కోయించి ఇంట్లో వాడదామనే ఆలోచన రైల్వే ఊళ్ళలో కొందరికి కలుగుతుంది. తారునూనె పట్టించిన కొయ్యను పడుకునే గదిలోకి తేరాదు. దాని ఆవిరి ఆరోగ్యానికి మంచిది కాదు.

చెదల ప్రస్తావన వచ్చినప్పుడు ఒక తెలుగువాడిని తలచుకోకుండా ముందుకు పోలేము. ఆయన పేరు సొంఠి కామేశం. డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధనా సంస్థలో పనిచేసిన శాస్త్రజ్ఞుడు. కొయ్యను కాపాడడానికి రాగి, పాషాణ లవణాలు పనికివస్తాయని అంతకుముందే తెలుసు. రాగి బూజును అడ్డుకుంటుంది, పాషాణం పురుగును చంపుతుంది. చిక్కల్లా ఏమిటంటే వాన పడితే అవి కరిగి కొట్టుకుపోయేవి. కామేశం 1933లో వాటికి క్రోమియం లవణాన్ని చేర్చారు. కొయ్యలోపల జరిగే రసాయనచర్యలో క్రోమియం ఆ రెండింటినీ నారలకు పట్టివుంచేటట్లు చేస్తుంది. ఆ మిశ్రమానికి 1934లో బ్రిటన్‌లోనూ, 1938లో అమెరికాలోనూ పేటెంట్లు లభించాయి. పాషాణానికీ రాగికీ రసాయనశాస్త్రంలో ఉన్న సంకేతాక్షరాలు కలిపి 'ఆస్క్యూ' అని పేరుపెట్టారు. తరువాతి అర్ధశతాబ్దంలో ప్రపంచమంతటా విద్యుత్ స్తంభాలు, కంచెగుంజలు, అమెరికా ఇళ్ళ పెరటి అరుగులు ఆకుపచ్చ ఛాయగల ఆ కొయ్యతోనే తయారైనాయి. అంతటి ఆవిష్కర్త పేరు మన పాఠ్యపుస్తకాలలో నాకెక్కడా తారసపడలేదు.

ఆ కథలో రెండవ అధ్యాయం కూడా చెప్పవలసి ఉన్నది. పాషాణం నెమ్మదిగా నేలలోకి, చేతులకు అంటుతుందనే భయంతో అమెరికాలో 2003 డిసెంబరు తరువాత ఇళ్ళ పనులకు ఆ కొయ్య తయారీని ఉత్పత్తిదారులు విరమించుకున్నారు. ఐరోపా దేశాలు కూడా ఆంక్షలు విధించాయి. కనుక నేడు ఇంటి లోపలి గోడకు ఆ మందు అవసరం లేదు, ఉచితమూ కాదు. ఆకుపచ్చ ఛాయ ఉన్న పాత కొయ్య దొరికితే పొయ్యిలో మాత్రం పెట్టవద్దు; ఆ పొగలోనూ బూడిదలోనూ పాషాణం ఉంటుంది. వాన తగలని చోట వెలిగారమూ బోరిక్ ఆమ్లమూ కలిపిన నీటిమందు చాలును. గుంజలను కోసి, బెజ్జాలు వేసిన తరువాతనే మందు పట్టించాలి. ముందుగా పట్టించి తరువాత కోస్తే, కోసిన కొన చెదలకు తెరచిన వాకిలి అవుతుంది. పిల్లలకు అందకుండా, చేతులకు తొడుగులు వేసుకొని ఈ పని చేయాలి.

ఇక కట్టడం. మొదట సుద్దపూసిన దారంతో నేల మీద గీత కొట్టాలి. ఆ గీతకు సరిగ్గా పైన శ్లాబు మీద మరొక గీత రావాలి. అందుకు తూకపుగుండు కంటె మంచి సాధనం నేటికీ లేదు. క్రింది గీత మీద నేలపట్టె, పై గీత మీద తలపట్టె బిగించాలి. ఇక్కడ మన దేశపు గృహస్థు విదేశీ పుస్తకాలను నమ్మరాదు. వారి గచ్చు మీద తివాచీ ఉంటుంది. మన గచ్చును ప్రతిరోజూ తడిగుడ్డతో తుడుస్తాము, పండుగకు బకెట్లతో నీళ్ళుపోసి కడుగుతాము. నేలపట్టెను గచ్చు మీద పెడితే రెండు వర్షాకాలాలలో పుచ్చిపోతుంది. రెండు అంగుళాల ఎత్తున సన్నని రాతిపట్టీ పరచి, దాని మీద పట్టె కూర్చోబెట్టాలి. జిప్సం పలక తడిని పీల్చుకుంటుంది గనుక అది కూడా రాతికి పైనే ఆగాలి. శ్లాబులో బెజ్జాలు వేసేముందు కరెంటు గొట్టాలు ఎక్కడ పోతున్నాయో కనుక్కోవాలి.

గుంజలను రెండేసి అడుగుల ఎడంలో నిలపాలి. ఈ కొలత మనం కొనే పలకనుబట్టి వచ్చింది. పలక 8 అడుగులు బై 4 అడుగులు కనుక, అంచులు రెండూ గుంజల నడిమధ్యకు వస్తాయి, మధ్యలో ఇంకొక గుంజ ఆదుకుంటుంది. ఎడం ఒక అంగుళం తప్పినా పలక అంచు గాలిలో వ్రేలాడుతుంది. గది 10 అడుగుల ఎత్తు ఉంటే 8 అడుగుల దగ్గర ఒక అడ్డుకొయ్య, 4 అడుగుల దగ్గర మరొకటి కావాలి. తలుపుకు రెండు ప్రక్కలా గుంజలు జంటగా ఉండాలి. తలుపు కొట్టుకునే ప్రతి దెబ్బనూ భరించేవి అవే. పాత ఇళ్ళలో నేలా శ్లాబూ సమాంతరంగా ఉండవు. ఒక గుంజ కొలిచి ఏడూ ఒకే పొడవున కోయించడం మిస్త్రీకి సులభం, ఇంటికి నష్టం. దేనికదే కొలిచి కోయాలి. మేకులకు బదులు మరలు వాడితే రేపు విప్పుకోవచ్చు. అలమరలూ పటాలూ తగిలించదలచిన చోట్లు ముందే ఆలోచించి, అక్కడ లోపల అదనపు అడ్డుకొయ్యలు పెట్టించుకోవాలి. పలక మూసిన తరువాత గుర్తుకువచ్చి లాభం లేదు.

కాలం కూడా చూడాలి. ఇక్కడ మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి, గాలిలో తేమ ఉండదు. కొయ్య పూర్తిగా కుదించుకుపోతుంది. శ్రావణంలో అదే కొయ్య ఉబ్బుతుంది. వానలు వెనుకబట్టిన తరువాత కార్తీకమాసంలో కడితే కొయ్య మధ్యస్థితిలో ఉంటుంది. మేము అలాగే కట్టాము.

కొయ్యచట్రం నిలిచిన రోజు సాయంత్రం, పలకలు ఇంకా బిగించక మునుపు, గుంజల సందులలో నుండి హాలు ఈ చివరినుండి ఆ చివరిదాకా కనబడుతూనే ఉన్నది. మామగారు తన మంచం మీద కూర్చుని చాలాసేపు అటు చూశారు. తరువాత మిస్త్రీని పిలిచి, పైన అడుగు మేర ఖాళీ వదలమన్నారు. "ఎండాకాలం గాలి ఆడాలి గదా" అన్నారు. వీధివైపు కిటికీలు అమ్మాయి భాగంలోకి పోయాయి కనుక ఆ మాట నిజమే.

ఐతే శబ్దం సంగతి ఏమిటి? గాలికి వదలిన దారి చప్పుడుకు కూడా దారే. శబ్దశాస్త్రం చెప్పే లెక్క కఠినమైనది. గోడ వైశాల్యంలో నూటికి ఒక వంతు ఖాళీ ఉంటే, మిగిలిన గోడ ఎంత మందమైనదైనా 20 డెసిబెల్ల కంటె ఎక్కువ చప్పుడును ఆపలేదు. నూటికి పది వంతులు ఖాళీ అయితే పది డెసిబెల్లే. పది అడుగుల గోడకు పైన అడుగు ఖాళీ అంటే సరిగ్గా అంతే. మామూలు సంభాషణ 60 డెసిబెల్లు ఉంటుంది. పది తగ్గితే సగం గట్టిగా వినబడుతుంది. అదే గోడను పూర్తిగా మూసి, గుంజల నడుమ రెండు అంగుళాల రాక్‌వూల్ నింపి, అంచుల సందులు మెత్తతో పూడ్చి, తలుపు క్రింద రబ్బరు పట్టీ వేస్తే 35 నుండి 40 డెసిబెల్ల దాకా ఆపుతుంది. సందులలో పాతచీరలు, గడ్డి కుక్కే అలవాటు కొందరికి ఉన్నది. నిప్పు రవ్వ పడితే ఆ గోడ నిలువు చితి అవుతుంది. రాక్‌వూల్ కాలదు.

గాలి ఒకరికి కావాలి, నిశ్శబ్దం మరొకరికి కావాలి. రెండు రోజులు పని ఆగిపోయింది. అమ్మాయి ఖాళీ ఉంచమన్నది. తాతగారికి ఊపిరాడకపోతే తాను చదవలేనన్నది. మామగారు అప్పటికే మనసు మార్చుకొని మూయించమన్నారు. చివరికి మిస్త్రీ ఉపాయం చెప్పాడు. పాత రైలుపెట్టెల కిటికీ రెక్కలలాగా, పై అడుగు భాగానికి కీళ్ళమీద తెరుచుకునే కొయ్యపలకలు మూడు పెట్టి, అంచులకు రబ్బరు అంటించి, క్రిందినుండి లాగే తాడు అమర్చాడు. పగలు తెరచి ఉంటాయి, రాత్రి చదువువేళకు మూసుకుంటాయి. తాడు మామగారి మంచం ప్రక్కనే ఉండాలని అమ్మాయి పట్టుబట్టింది.

నా వైపు గోడకు పుస్తకాల అలమర బిగించుకున్నాను. గుంజ ఎక్కడుందో తెలియడానికి వ్రేలితో తట్టాలి. డొల్లగా మ్రోగినచోట ఖాళీ, మొద్దుగా పలికినచోట కొయ్య. మామగారు ఏడు గుంజల చోట్లూ పెన్సిలుతో గీసి ఉంచారు. ఫిబ్రవరిలో ఒక రాత్రి పదకొండు గంటలకు తాడు లాగిన చప్పుడైంది, పలకలు మూసుకున్నాయి. ఆ తరువాత దగ్గు వినబడింది, దూరంనుండి వచ్చినట్లు, వసారా వైపునుండి మాత్రం కాదు.